చుట్టుధ్వని ఒక్క కుర్చీ సొత్తా?

ఇంట్లో సినిమా చూసే వ్యవహారంలో రెండు మూఢనమ్మకాలు మన మధ్య స్థిరపడిపోయాయి. మొదటిది, డబ్బు పోసి కొన్న అయిదు స్పీకర్లనూ టీవీకి అటూ ఇటూ షోకేసులో బొమ్మల్లా పేర్చుకుంటే చాలు, సరౌండు సౌండు దానంతట అదే వచ్చేస్తుందన్నది. రెండోది దానికి పూర్తిగా ఎదురు కొసన నిలబడ్డది: గది నడుమ ఒక కుర్చీ వేసి, టేపు పట్టి కొలిచి, స్పీకర్లన్నిటి ముఖాలనూ ఆ కుర్చీలో ఆసీనుడయ్యే మహానుభావుడి చెవుల వైపు తిప్పితేనే శాస్త్రసమ్మతమన్నది. మొదటిది తెలియక వచ్చింది, కనుక క్షమించవచ్చు. రెండోది చదువుకున్నవారి వల్ల వచ్చింది, కనుక దానితో పోట్లాడక తప్పదు. ఈ టపా ప్రధానంగా ఆ పోట్లాట కోసమే.

నా వాదం ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచడం నాకు చేతకాదు. పక్క స్పీకర్లను ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తున పెట్టాలి, ఎటు తిప్పాలి అన్న ప్రశ్నలకు జవాబును గదిలో అందరికన్నా మంచి చోట కూచున్నవాడి దగ్గర కాక, అందరికన్నా చెడ్డ చోట కూచున్నవారి దగ్గర వెతకాలి. మా నర్సంపేటలోనైనా, మీ ఊళ్ళోనైనా, ఆ చెడ్డ చోటు సాధారణంగా ఎవరికి దక్కుతుందో మీకు తెలియనిది కాదు: గోడవార మంచం మీద ఒరిగిన ముసలమ్మకు, వంటింటి పని ముగించుకొని ఆలస్యంగా వచ్చిన ఇల్లాలికి, చాప మీది పిల్లలకు.

ముందుగా పేరు సంగతి. సరౌండు స్పీకరుకు తెలుగేమిటని నిలదీసే మిత్రులు తప్పక ఉంటారు. 'పరివేష్టక ధ్వనిప్రసారిణి' అనవచ్చు. అని, మళ్ళీ దానికి అర్థం చెప్పుకోవచ్చు. నేనా సాహసం చేయను. ధ్వనిని 'చుట్టుధ్వని' అనీ, ఆ పెట్టెలను 'పక్క స్పీకర్లు' అనీ వ్యవహరిస్తాను. 'పక్క' అనడంలో ఒక ఉద్దేశముంది. దుకాణాల్లో వీటిని 'వెనక స్పీకర్లు' అంటారు; సగం అనర్థం ఆ పేరుతోనే మొదలవుతున్నది. 5.1 పద్ధతిలో ఎదురుగా మూడు స్పీకర్లు (ఎడమ, నడుమ, కుడి), పక్కన రెండు, మంద్రధ్వనులకు ఒక పెద్ద పెట్టె. ఆ పెద్ద పెట్టెకే '.1' అని లెక్క. ఆ రెండు స్పీకర్ల స్థానం శ్రోతకు సరిగ్గా పక్కన, లేదా పక్క నుంచి కాస్త వెనక్కి. ముక్కు సూటిని సున్నా డిగ్రీలనుకుంటే 90 నుంచి 110 డిగ్రీల దాకా. వీపు వెనక కాదు.

పక్కనే ఎందుకంటారా? మన రెండు చెవులూ తలకు రెండు పక్కల ఉన్నాయి గనక. పక్క నుంచి వచ్చిన ధ్వని ఒక చెవికి ముందూ రెండో చెవికి వెనకా చేరుతుంది. ఆ తేడా ఒక మిల్లీసెకనులో పదింట ఏడు వంతులకు మించదు గాని, మెదడు దాన్ని పసిగట్టి, 'నేను ఒక ప్రదేశంలో ఉన్నాను' అన్న అనుభూతిని కల్పిస్తుంది. సరిగ్గా ఎదుటి నుంచీ, సరిగ్గా వెనక నుంచీ వచ్చే ధ్వనులు రెండు చెవులకూ ఒకేసారి చేరతాయి. వాటిని ఒకదానితో ఒకటి పొరబడడం కూడా జరుగుతుంది. కచేరీ మందిరాల మీద పనిచేసిన హెరాల్డ్ మార్షల్, మైకేల్ బారన్ వంటివారు 1960ల చివర, 1970ల మొదట్లో తేల్చిన విషయం కూడా ఇదే: సంగీతం మనల్ని చుట్టుముట్టినట్టు అనిపించడానికి పక్క గోడల నుంచి తిరిగి వచ్చే ధ్వనే ముఖ్య కారణం. కనుక షోకేసులో టీవీ పక్కన నిలబెట్టిన పక్క స్పీకరు పక్క స్పీకరు కాదు. అది ఎదుటి స్పీకరుకు అడ్డం పడుతున్న మరో ఎదుటి స్పీకరు. 2012లో 'ఈగ' వచ్చినప్పుడు ఆ ఈగ రొద తన తల చుట్టూ తిరగాలని ప్రతి ప్రేక్షకుడూ ఆశించి ఉంటాడు. షోకేసు పక్షం వారి ఇళ్ళలో ఆ ఈగ షోకేసులోనే ఉండిపోయింది.

ఈ పక్షాన్ని మరీ నిందించలేను. మా వైపు పత్తి, మిర్చి చేతికొచ్చిన ఏడాది కొన్న సెట్టు అది. అయిదు స్పీకర్లూ ఒకే అట్టపెట్టెలోంచి వచ్చాయి, వాటితో వచ్చిన తీగెలు పొట్టివి. బిగించడానికి వచ్చిన కుర్రవాడికి సాయంత్రంలోగా ఇంకా నాలుగిళ్ళు తిరగాలి. "గోడ ఖరాబైతది సార్, ఈడనే పెడితే మంచిగ కొడుతది" అన్నాడు. గృహస్థుకూ కొత్త రంగు వేసిన గోడకు బెజ్జం కొట్టడం ఇష్టం లేదు. ఉభయులకూ సమ్మతమైన ఒప్పందం. నష్టపోయింది ధ్వని ఒక్కటే. ఇంకొందరి ఇళ్ళలో మరొక రకం చూశాను: రెండు పక్క స్పీకర్లూ వెనక గోడ మూలల్లో, సజ్జ మీద, పాత సూటుకేసుల నడుమ, స్లాబుకు అంగుళం దూరంలో కొలువై ఉంటాయి. మూలలో పెట్టిన స్పీకరుకు మూడు తలాలు తోడై మంద్రం ఉబ్బుతుంది, స్పష్టత నశిస్తుంది. సజ్జ మీది స్పీకరు మాట్లాడేది సూటుకేసులతో, మనతో కాదు.

ఇక అసలు ప్రతిపక్షం. వీరి చేతిలో ఒక ప్రమాణముంది, అది గౌరవించదగినదే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య 1992లో మొదట వెలువరించిన బీఎస్ 775 అనే సిఫారసు. ఒక వృత్తం గీయండి, నడుమ శ్రోతను కూచోబెట్టండి. నడుమ స్పీకరు సున్నా డిగ్రీల దగ్గర, ఎడమ కుడి స్పీకర్లు చెరి 30 డిగ్రీల దగ్గర, పక్క స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య. అన్నీ సమాన దూరంలో, అన్నీ అతని వైపే చూస్తూ. ధ్వనిని మిశ్రణం చేసే గదిలో ఇంజినీరు కూచునే కుర్చీకి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. అక్కడ వినేవాడు ఒకడే, వినడం అతని ఉద్యోగం, ఆ ఉద్యోగానికి అతనికి జీతమిస్తారు. ఆ చిత్రపటాన్ని తెచ్చి ఏడుగురు కూచునే మన హాలులో నేల మీద పరచడం దగ్గరే నాకు పేచీ.

ఎందుకంటే చుట్టుధ్వని పుట్టింది ఒక్కడి కోసం కాదు. అది సినిమాహాలులో పుట్టింది. 1940లో డిస్నీ సంస్థ 'ఫాంటేసియా' కోసం ప్రేక్షకుల చుట్టూ స్పీకర్లు పెట్టించింది. 1953లో సినిమాస్కోపుతో వచ్చిన 'ద రోబ్'లో నాలుగు అయస్కాంత ధ్వనిపథాలుండగా, వాటిలో ఒకటి హాలులోని స్పీకర్లకు కేటాయించినది. 1979 నాటి 'అపోకలిప్స్ నౌ'లో ఆ హాలు ధ్వనిని ఎడమ, కుడి అని రెండుగా విడదీశారు. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్, 1993లో 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్ వచ్చాయి. ఇవన్నీ మనకు తెలిసిన కథలే. వీటన్నిటిలోనూ మారనిది ఒకటుంది. హాలులో పక్క ధ్వని ఒక్క స్పీకరు నుంచి రాదు. పక్క గోడ పొడవునా, వెనక గోడ వెంబడీ వరసగా, మనిషి తలకు చాలా ఎత్తున, అనేక స్పీకర్లు కలిసి ఒకే ధ్వనిని పలుకుతాయి. ఈసారి హాలుకు వెళ్ళినప్పుడు తలెత్తి లెక్కపెట్టండి. నేల టికెట్టువాడికైనా, బాల్కనీవాడికైనా ఏదో ఒక స్పీకరు సమీపంలోనే ఉంటుంది. ఏ ఒక్కటీ ఎవరి చెవిలోనూ అరవదు. వాన అంటే వానలా అంతటా కురుస్తుంది. ఫలానా పెట్టెలోంచి కారుతున్నట్టు ఉండదు.

ఇంట్లో ఆ వరస మొత్తానికి బదులుగా మనం పెట్టేది పక్కకు ఒక్కటే. ఒంటరిగా అంతమంది పని చేయవలసిన ఆ స్పీకరును తెచ్చి, చెవి ఎత్తున పెట్టి, సూటిగా చెవిలోకే గురిపెడితే, అది వాన కాక వాన పడుతున్న పెట్టె అవుతుంది. ఈ చిక్కును నేను కొత్తగా కనిపెట్టలేదు. లూకాస్ సంస్థలో టామ్లిన్సన్ హోల్మన్ రూపొందించిన టీహెచ్ఎక్స్ పద్ధతి 1990 ప్రాంతంలో ఇళ్ళలోకి వచ్చినప్పుడు, పక్క స్పీకర్లకు ద్విముఖ నిర్మాణాన్ని సూచించింది. అవి ముందుకూ వెనక్కూ పలుకుతాయి, శ్రోత ఉన్న దిక్కుకు మాత్రం దాదాపు మౌనంగా ఉంటాయి. ఆలోచించండి! స్పీకరును మనిషి వైపు తిప్పకూడదన్నది అక్కడ పొరపాటు కాదు, సిద్ధాంతం. కుర్చీ పక్షంవారు ఈ అధ్యాయాన్ని పుస్తకంలోంచి చింపేసినట్టున్నారు.

ఇప్పుడు మన హాలులోకి వద్దాం. మా ఊళ్ళో స్లాబు వేసిన మామూలు ఇంటి హాలు, 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు అనుకోండి. టీవీ పొట్టి గోడకు. సోఫా ఎదురు గోడకు ఆనించి ఉంటుంది, అంటే వెనక అన్న దిక్కే లేదు. ఒక పొడుగు గోడ వార దివానో, నవారు మంచమో. నేల మీద చాప. ఈ గదిలో కుడి గోడకు రెండడుగుల దూరంలో చాప మీద కూచున్న మనిషిని తీసుకుందాం. ఆమె చెవి నేలకు రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. పక్క స్పీకర్లు రెండూ ఆ ఎత్తునే, ఆమెకు ఇరువైపులా ఉన్నాయనుకుంటే, కుడి స్పీకరు 2 అడుగుల దూరం, ఎడమ స్పీకరు 10 అడుగుల దూరం. దూరం రెట్టింపైనప్పుడల్లా నేరుగా వచ్చే ధ్వని 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. అయిదు రెట్ల దూరానికి 14 డెసిబెళ్ళ తేడా. పైగా ఎడమ ధ్వని 7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ముందు చేరిన ధ్వనినే మెదడు ప్రమాణంగా తీసుకొని, ధ్వని అంతా అటు నుంచే వస్తున్నదని తీర్మానిస్తుందని 1949లో హెల్ముట్ హాస్ నిరూపించాడు. కొద్ది మిల్లీసెకన్లు వెనకబడినది పది డెసిబెళ్ళ దాకా గట్టిగా ఉన్నా సరే. ఇక్కడ ముందు చేరినదే గట్టిది కూడా. అంటే ఆ మనిషికి చుట్టుధ్వని లేదు. కుడి చెవి పక్కన ఒక పెట్టె ఉంది, అంతే.

అదే స్పీకర్లను ఆరున్నర అడుగుల ఎత్తుకు తీసుకుపోండి. ఇప్పుడు దగ్గరి స్పీకరు నిలువుగా నాలుగడుగుల పైన ఉంది కనుక ఆమెకు దాదాపు నాలుగున్నర అడుగుల దూరమవుతుంది. దూరపు స్పీకరు 10 అడుగుల 9 అంగుళాలు అవుతుంది. నిష్పత్తి అయిదు రెట్ల నుంచి రెండున్నర రెట్ల లోపుకు దిగింది. 14 డెసిబెళ్ళ తేడా 8 లోపుకు వచ్చింది. ఒక్క రూపాయి అదనపు ఖర్చు లేదు, కొత్త యంత్రం లేదు. పదో తరగతి పైథాగరస్ సూత్రం, నాలుగు మరలు. నడుమ కుర్చీవాడికి దీనివల్ల పోయేది పెద్దగా ఏమీ లేదు; అతనికి రెండూ సమానంగానే ఎత్తయ్యాయి. ఒకరికి పెద్దగా నష్టం లేకుండా మరొకరికి ఇంత మేలు జరుగుతుంటే, వద్దనడానికి ఆ ప్రమాణపు కాగితం తప్ప వారి దగ్గర మరో కారణం లేదు.

ఇక కోణం. ఎత్తున పెట్టిన స్పీకరును ఎవరి వైపు తిప్పాలి? దాని కిందే ఉన్నవారి వైపు కాదు. గదికి అవతలి కొసన కూచున్నవారి వైపు. కుడి స్పీకరు ఎడమ కొస మనిషిని చూడాలి, ఎడమది కుడి కొస మనిషిని చూడాలి. పై లెక్క ప్రకారం కుడి గోడ నుంచి 10 అడుగుల అవతల చాప మీది తలను చూడాలంటే స్పీకరును 20 డిగ్రీలకు కాస్త ఎక్కువగా కిందికి వంచాలి. అప్పుడు దాని కిందే ఉన్న మనిషి ఆ చూపుకు 40 డిగ్రీలు పక్కగా ఉంటుంది. చిన్న స్పీకర్ల పై స్వరాలు సూటిగా ముందుకే పోతాయి, పక్కకు తగ్గుతాయి. కనుక దగ్గరివారికి కొంత తగ్గి, దూరంవారికి నిండుగా అందుతుంది. సమీపం వల్ల కలిగిన అన్యాయాన్ని కోణం కొంత సరిదిద్దుతుంది. ఇంకొక్క మాట: రెండు స్పీకర్లనూ బొత్తిగా ఎదురెదురుగా, నేలకు సమాంతరంగా నిలబెట్టకండి. రెండు నున్నటి గోడల మధ్య ధ్వని బంతిలా కొట్టుకుంటూ ఉంటుంది. గది నడుమ నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి చూడండి. 'టంగ్' మని వణుకుతూ వినబడేది అదే.

మా చిన్నాయన ఇంట్లో జరిగిన సంగతి చెబితే ఈ లెక్కలు ఎవరి కోసమో తెలుస్తుంది. తమ్ముడు, అంటే చిన్నాయన కొడుకు, కుర్చీ పక్షంలో గట్టి సభ్యుడు. రెండు స్టాండ్లు చేయించి, పక్క స్పీకర్లను చెవి ఎత్తున నిలబెట్టి, కోణమానినితో కొలిచి, తన కుర్చీకి గురిపెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆ కుర్చీలో కూచుంటే అద్భుతంగా ఉండేది. బాపమ్మ మంచం కుడి స్టాండు పక్కన. "ఏంరా, గా డబ్బా నా చెవులనే ఒర్లుతాంది, మాటలు మాత్రం ఒక్కటి ఇనవడ్తలెవ్వు" అని ఆమె గోడు. "అన్నా, బాపమ్మను జర నడుమ కుర్చీల కూసోమను, మంచిగ ఇనవడ్తది" అని తమ్ముడి పరిష్కారం. "నడుములు గుంజుతయి బిడ్డా, నేను ఈడనే ఒరుగుత" అని ఆమె. శాస్త్రం తన వైపే ఉందని తమ్ముడి ధీమా. ఆ రోజు సాయంత్రం స్టాండ్లు తీసి, స్పీకర్లను గోడకు ఆరున్నర అడుగుల ఎత్తున బిగించి, ఎదురు కొసలకు తిప్పి, వాటి ధ్వనిని మూడు డెసిబెళ్ళు తగ్గించాం. బాపమ్మ ఆ తర్వాత డబ్బా ఊసు ఎత్తలేదు. కథలో ఎవరు ఎవరికి ఏమవుతారని అడగడం మొదలుపెట్టింది. మాటలు వినబడుతున్నాయనడానికి అంతకన్నా నిదర్శనమేం కావాలి?

ఆ చివరి అంశం, అంటే ధ్వని తగ్గించడం, చాలామందికి మింగుడుపడదు. డబ్బు పెట్టి కొన్నది వినబడకపోతే ఎలా అని అడుగుతారు. పక్క స్పీకరు ఉన్నట్టు తెలియకూడదు. తీసేస్తే మాత్రం లోటు తెలియాలి. సినిమాలో మాట నడుమ స్పీకరు నుంచి వస్తుంది. వయసు మీద పడ్డవారికి పై స్వరాలు ముందుగా క్షీణిస్తాయి. హల్లుల స్పష్టత ఉండేది అక్కడే. వారి చెవి పక్కన గాలి, వాన, జనఘోష గట్టిగా పెడితే ఆ కాస్త స్పష్టతా మునిగిపోతుంది. కనుక పరీక్షా ధ్వని పెట్టి మట్టం సరిచూసుకునేటప్పుడు కుర్చీలో కూచోకండి. గోడవార మంచం మీద కూచొని, అక్కడ మాట స్పష్టంగా వినబడేంత వరకు పక్క స్పీకర్లను తగ్గించండి. ఆ తర్వాత కుర్చీలోకి వెళ్ళి, సరిపోతుందో లేదో మీరే చెప్పండి.

ఇక పూర్వపక్షాలు. మొదటిది బలమైనది: "డాల్బీ అట్మాస్ వచ్చాక పక్క స్పీకర్లను చెవి ఎత్తునే ఉంచమంటున్నారు కదా?" నిజమే. 2012లో మొదలైన ఆ పద్ధతిలో, 2015 నాటి 'బాహుబలి' వంటి సినిమాలను మిశ్రణం చేసిన ఆ పద్ధతిలో, పై కప్పున వేరే స్పీకర్లుంటాయి. కింది ధ్వనికీ పై ధ్వనికీ తేడా తెలియాలంటే పక్కవి కిందే ఉండాలి. మీ ఇంటి కప్పున స్పీకర్లుంటే ఆ మాట వినండి. అప్పుడు కూడా మంచాన్ని స్పీకరుకు దూరంగా జరపండి. కప్పున ఏమీ లేనివారికి ఆ నియమంతో పని లేదు. ఎవరి రోగానికి వారి మందు.

రెండోది: "మా యంత్రమే మైకు పెట్టి అన్నీ సరిచేసుకుంటుంది." దూరంలో తేడా ఉంటే యంత్రం ఆలస్యాన్ని కలిపి సర్దుతుంది, గట్టిదనంలో తేడా ఉంటే తగ్గిస్తుంది. కోణంలో తప్పుంటే అది చేయగలిగింది ఏమీ లేదు. షోకేసులో ఉన్న స్పీకరును గోడ మీదికి ఎక్కించే యంత్రం ఇంకా రాలేదు. పైగా ఆ ఆలస్యాన్నయినా అది లెక్కించేది ఒక చోటుకే; నడుమ కుర్చీకి కలిపిన సవరణ మంచానికి ఇంకొక తప్పవుతుంది.

మూడోది: "సౌండుబారు ఒక్కటి చాలదా?" షోకేసులో అయిదు పేర్చడం కన్నా ఒక బారు వెయ్యి రెట్లు నిజాయితీ గలది. అది పక్క గోడలకు ధ్వనిని కొట్టి తిప్పి పంపుతుంది. కానీ మన హాలుకు ఒక వైపు గోడ ఉంటే, రెండో వైపు భోజనాల గదికి తెరిచిన కమాను ఉంటుంది. అటు వెళ్ళిన ధ్వని వంటింట్లో గిన్నెలను పలకరించి రావలసిందే.

ఆ ఒంటి గోడ చిక్కు పక్క స్పీకర్లకూ ఉంది, దాన్ని దాటవేయను. ఒక వైపు గోడ లేని చోట కమాను అంచుననో, స్తంభానికో, పై దూలానికో ఆ స్పీకరును బిగించండి. దూరం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఎత్తూ, శ్రోతకు అది ఉన్న దిక్కూ రెండు వైపులా ఒకేలా ఉండాలి. తీగె ఎరుపు నలుపు కొసలు రెండు చివరలా ఒకేలా కలపండి. ఒకదానికి తారుమారైతే చుట్టుధ్వని గుల్లబారి, తల లోపలెక్కడో మోగుతున్నట్టుంటుంది.

గోడల సంగతి వచ్చింది కనుక మరొక ముఖ్యమైన విషయం. మన హాళ్ళు రాతితో, గాజుతో, సిమెంటుతో చేసినవి. గూనపెంకు ఇళ్ళలో పైకప్పు సందులూ, మట్టిగోడలూ, గోనెబస్తాలూ ధ్వనిని తాగేవి. ఇప్పుడు కింద టైల్సు, పైన స్లాబు. పైన చెప్పిన కొలతల గది పది అడుగుల ఎత్తుతో, తలుపులు మూసి, ఖాళీగా ఉంటే, వాలెస్ సబైన్ సూత్రం ప్రకారం ఒక శబ్దం అణగారడానికి సుమారు రెండు సెకన్లు పడుతుంది. మాట అర్థం కావడానికి అది శత్రువు. ఆ సబైన్ గారు 1895లో హార్వర్డులో ఒక ఉపన్యాస మందిరం ప్రతిధ్వనిని అణచడానికి పక్క థియేటరులోని కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించి, పరచి, కొలిచి, మళ్ళీ తెల్లారేసరికి వాటి చోట పెట్టించేవాడు. మన ఇళ్ళలో మెత్తలకు కొదవ లేదు. ఒక మందపాటి పరదా, గోడకు పుస్తకాల బీరువా, చాప కింద ఒక బొంత, దివాను మీద పరుపు. ఇవేవీ లేకుండా స్పీకర్ల కోణాలు సవరిస్తూ కూచోవడం ఓటికుండకు రంగు వేయడమే.

ఇంకొక అపచారాన్ని చెప్పకుండా ముగించలేను. పాత పాటలను అయిదు స్పీకర్లలోంచీ మోగించడం. ఘంటసాల (1922–1974) పాడిన సినిమా పాటల్లో అత్యధికం ఒకే ధ్వనిపథం మీద ముద్రించినవి. రిమోటులో 'హాల్', 'స్టేడియం' అని మీటలుంటాయి. నొక్కితే ఆ మహాగాయకుడు మన వీపు వెనక నిలబడి, ప్రతిధ్వనిస్తూ పాడతాడు. 1957 నాటి 'మాయాబజార్'కు హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ రంగులద్ది, ధ్వనిని డీటీఎస్‌కు మార్చి 2010లో విడుదల చేసినప్పుడు, అది పనిగట్టుకొని మనుషులు కూచొని చేసిన మార్పు; దాని బాగోగులు వేరే చర్చ. మీట నొక్కి చేసేది మార్పు కాదు, చెరుపు. పాత పాటకు ఎదుటి స్పీకర్లు చాలు. పక్కవాటికి ఆ పూట విశ్రాంతి.

ఏతావాతా నేను చెప్పదలచింది ఇది. చుట్టుధ్వని మనకు పరాయిది కాదు. బతుకమ్మ నాడు పాకాల దారిన ఏ ఊళ్ళోనైనా ఆగి వినండి. ఒకరు పాట ఎత్తుకుంటారు, చుట్టూ తిరుగుతున్నవారు అందుకుంటారు; పాట కదులుతుంది, చప్పట్లు కదులుతాయి. ఆ వలయంలో నడుమ ఉండేది పూలు మాత్రమే. మనుషులందరూ అంచునే ఉంటారు. అంచున ఉన్న ప్రతి ఒక్కరికీ పాట మొత్తం అందుతుంది. మనం తెచ్చుకున్న చిత్రపటంలో దీనికి తారుమారు: నడుమ ఒక్కడు, అంచున అతని సేవలో అయిదు పెట్టెలు, మిగతా కుటుంబం లెక్కలో లేదు.

కొత్తగా ఇల్లు కట్టుకునే మిత్రులకు ఒక విన్నపం. ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో బోరు అంటూ అంగుళాలతో సహా వాదించే మనం, గోడలకు గిలాబు చేయించే ముందు హాలుకు రెండు పక్కలా ఆరున్నర అడుగుల ఎత్తు దాకా రెండు ఖాళీ పైపులు వేయించడం మరచిపోతాం. ఆనక 'గోడ ఖరాబైతది' అన్న మాటకు తలవంచుతాం. మొత్తం ఇంటి ఖర్చులో ఆ పైపులు లెక్కకే రావు. ఇప్పటికే కట్టుకున్నవారికి గోడ బెజ్జాలు పూడ్చడానికి కాస్త లప్పం చాలు.

కుర్చీ పక్షంవారు తప్పక కోప్పడతారు. వాదానికి రండి, సిద్ధంగానే ఉన్నాను. ఒకే ఒక్క షరతు: రాసేముందు మీ ఇంట్లో గోడవార ఎవరు కూచుంటారో చూసి, ఒక సినిమా మొత్తం అక్కడ కూచొని చూసి, ఆ తర్వాత రాయండి.